పిల్లల దగ్గర అమెరికాలో రిటైర్మెంట్: "ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ" అనుకునేముందు

రిటైరయ్యాక ఏం చేస్తారని అడిగితే మనవాళ్ళలో చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఆరు నెలలు అబ్బాయి దగ్గర, ఆరు నెలలు ఇక్కడ." వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఎండాకాలం న్యూజెర్సీలో, చలికాలం హైదరాబాదులో, సంక్రాంతికి సొంతూళ్ళో. కానీ అమెరికా వీసా రూల్సు, అక్కడి పన్నులు, హెల్త్ ఇన్సూరెన్సు, ఈ మూడూ కూడబలుక్కున్నట్టు ఈ సగం సగం ప్లానుకే అడ్డం పడతాయి. విజిటర్ వీసా మీద చుట్టపుచూపుగా వెళ్ళి రావడం ఒక దారి, గ్రీన్ కార్డు తీసుకుని నిజంగా మకాం మార్చడం ఇంకో దారి. ఏదో ఒకటి తేల్చుకున్నవాళ్ళు బాగానే ఉంటున్నారు. గ్రీన్ కార్డు జేబులో పెట్టుకుని కాపురం మాత్రం ఇక్కడే చేద్దామనుకునేవాళ్ళకే ఖర్చూ ఎక్కువ, టెన్షనూ ఎక్కువ. అందుకని మొదట ఆ నిర్ణయం, తర్వాతే మిగతావన్నీ.

విజిటర్‌గా వెళ్తే

బీ-1/బీ-2 వీసా పదేళ్ళకి ఇస్తారు కదా అని పదేళ్ళు ఉండొచ్చనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ పదేళ్ళూ వచ్చి వెళ్ళడానికి మాత్రమే. ఒక్కో రాకకి ఎన్నాళ్ళు ఉండాలో దిగిన ఎయిర్‌పోర్టులో ఆఫీసరు నిర్ణయిస్తారు, మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. దిగిన వారంలోపే అబ్బాయి చేతనో అమ్మాయి చేతనో అది తీయించి, తేదీ క్యాలెండరు మీద రాసి పెట్టండి. ఎక్కువ రోజులు ఉండాల్సి వస్తే ఆ తేదీ దాటకముందే ఐ-539 ఫారం వేయాలి. తేదీ దాటి 180 రోజులకు పైగా ఉండిపోయి తర్వాత బయటికొస్తే మూడేళ్ళు, ఏడాది దాటి ఉంటే పదేళ్ళు మళ్ళీ రానివ్వరు.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం పన్ను. విజిటర్‌కి పన్నేమిటి అనిపిస్తుంది, కానీ అమెరికా వాళ్ళు రోజులు లెక్కపెడతారు: ఈ ఏడాది ఉన్న రోజులు మొత్తం, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకు ముందు ఏడాది రోజుల్లో ఆరో వంతు కలిపి 183 వచ్చిందంటే పన్నుల వరకు మీరు అక్కడి రెసిడెంటే. ఏటా ఆరేసి నెలలు ఉన్నారనుకోండి, 180కి 60, దానికి 30 కలిపితే 270. దాటిపోయినట్టే. ఏటా 120 రోజులైతే 120, 40, 20 కలిపి 180, అంటే గీత లోపలే ఉంటారు. ఆ ఏడాదిలో 183 రోజులకు తక్కువే ఉండి, ఇల్లూ వాకిలీ బ్యాంకులూ అన్నీ ఇండియాలోనే ఉన్నాయని చూపించగలిగితే 8840 అనే ఫారంతో బయటపడొచ్చు, కానీ గ్రీన్ కార్డుకి అప్లై చేసినవాళ్ళకి ఆ వెసులుబాటు లేదు. నన్నడిగితే విజిటర్‌గా వెళ్ళేవాళ్ళకి ఏడాదికి నాలుగు నెలలు చాలు. మనవలకీ ముద్దుగా ఉంటుంది, కోడలికీ ఊపిరాడుతుంది.

విజిటర్ ఇన్సూరెన్సు కొనేటప్పుడు ధర చూసి కొనకండి. రోజుకింత, ఆపరేషన్‌కింత అని లిమిట్లు పెట్టే పాలసీలు చవగ్గా వస్తాయి, కానీ అక్కడి హాస్పిటల్ బిల్లుల ముందు అవి ఏ మూలకూ రావు. కాంప్రహెన్సివ్ అని అమ్మేవి తీసుకోండి. ఎంత మంచిదైనా ముందునుంచీ ఉన్న బీపీ, షుగరు, గుండె జబ్బులకి మామూలు వైద్యం దానిలో రాదు, ఆ జబ్బు హఠాత్తుగా విషమిస్తే మాత్రం కొంత ఇస్తారు. ఆ "హఠాత్తుగా" అన్నదానికి పాలసీలో ఏం రాశారో, ఎన్నేళ్ళ వయసు దాకా ఇస్తారో డబ్బు కట్టకముందే చదవాలి.

గ్రీన్ కార్డు దారి

కొడుకో కూతురో అమెరికా పౌరులై, 21 ఏళ్ళు నిండి ఉంటేనే తల్లిదండ్రులకి గ్రీన్ కార్డు అడగగలరు. వాళ్ళకే ఇంకా గ్రీన్ కార్డు దశ అయితే మీకు చేయలేరు. తల్లిదండ్రుల కేటగిరీకి ఏడాదికిన్ని అన్న కోటా లేదు, అందుకే ఉద్యోగాల మీద గ్రీన్ కార్డు కోసం పిల్లలు పదీ పదిహేనేళ్ళు కాచుకున్నట్టు మీరు కాచుకోనక్కర్లేదు. అమ్మకి ఒకటి, నాన్నకి ఒకటి, రెండు వేరువేరు ఐ-130లు, అంటే తల్లిదండ్రుల కోసం పిల్లలు వేసే దరఖాస్తులు, వేయాలి. మీరు ఇండియాలో ఉంటే ఫైలు అంతా నడిచాక మనవాళ్ళకి ఇంటర్వ్యూ సాధారణంగా ముంబైలో పడుతుంది, దానికి ముందు వాళ్ళు చెప్పిన డాక్టర్ల దగ్గరే మెడికల్, టీకాలు. విజిటర్‌గా వెళ్ళి అక్కడే అప్లై చేసేద్దాం అనే సలహా ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒకరు ఇస్తారు. చూడటానికి వస్తున్నానని చెప్పి, మనసులో ఉండిపోవడానికే దిగితే అది అబద్ధం చెప్పినట్టే లెక్క, తర్వాత కేసు మొత్తానికే ఎసరు రావొచ్చు. దిగాక నిజంగా పరిస్థితులు మారితే అప్పుడు లాయరుతో మాట్లాడుకోవాలి తప్ప ముందే వేసుకునే ప్లాను కాదది.

పిల్లలు ఐ-864 మీద సంతకం పెడతారు, అంటే మీ పోషణ బాధ్యత మాది అని ప్రభుత్వానికి రాసివ్వడం. ఆదాయం పేదరిక గీతకి 125 శాతం ఉండాలి. వాళ్ళిద్దరు, ఇద్దరు పిల్లలు, మీరిద్దరు కలిపి ఆరుగురైతే 2025 లెక్కలో సుమారు 54 వేల డాలర్లు. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది పెద్ద విషయం కాదు. కానీ ఉద్యోగం పోయినా, విడాకులైనా ఆ బాధ్యత పోదు, మీరు పౌరులయ్యేదాకానో, అక్కడ పదేళ్ళ పని లెక్క పూర్తయ్యేదాకానో ఉంటుంది. సంతకం పెట్టించేముందు అల్లుడితోనో కోడలితోనో కూడా నోరు విప్పి మాట్లాడుకోవడం మర్యాద.

అసలు తలనొప్పి కాగితాలు. తల్లి కేసుకి పిల్లవాడి బర్త్ సర్టిఫికెట్, తండ్రి కేసుకి దాంతోపాటు మీ పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. ఊళ్ళో, మంత్రసాని చేతుల్లో పుట్టిన పిల్లల పుట్టుక పంచాయతీలో రాయించినవాళ్ళు ఎందరు? రికార్డు లేకపోతే లేదని సర్టిఫికెట్ తీసుకుని, దానికి పదో తరగతి మెమో, పుట్టుక తెలిసిన పెద్దవాళ్ళ అఫిడవిట్లు జోడించాలి. అఫిడవిట్ ఇవ్వగల మేనత్తలూ బాబాయిలూ బాగుండగానే ఈ పని చేయించుకోండి, ఇంతకంటే సున్నితంగా చెప్పడం నాకు రాదు. పెళ్ళి రిజిస్టర్ కాకపోతే ఇప్పుడైనా చేయించుకోవచ్చు, శుభలేఖ దాచి ఉంటే పనికొస్తుంది.

పేర్లు ఇంకో చిక్కు. కొడుకు బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి పేరు "సత్యవతి", ఆధార్‌లో "సత్యవతమ్మ", పాస్‌పోర్టులో ఇంటిపేరు పుట్టింటిది, పాన్‌లో అత్తింటిది, బ్యాంకులో ఒక పొడి అక్షరం. మనకి అయిదుగురూ ఒకరే అని తెలుసు, ముంబైలో కిటికీ అవతల కూర్చున్నవాళ్ళకి అయిదుగురు మనుషులు కనపడతారు. అన్ని కాగితాలూ బల్ల మీద పరిచి, పేరు, పుట్టినతేదీ, అక్షరం అక్షరం పోల్చి చూడండి. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా మిగతావి మార్పించుకోవడం తేలిక. పుట్టినతేదీ అయితే బడిలో వేసిన తేదీనే అన్నిచోట్లా ఉంచేయండి, అసలు తేదీ అమ్మ చెప్పిన తిథి అని ఇప్పుడు మొదలుపెట్టొద్దు. ఇదంతా కుదరడానికి నెలలు పడుతుంది, అప్లై చేయడానికి ఏడాది ముందే కూర్చోవాలి.

కార్డు చేతికొచ్చాక ఆరు నెలలకి ఒకసారి మొహం చూపించి వస్తే చాలు అని ఒక నమ్మకం ఉంది. గ్రీన్ కార్డు అక్కడ కాపురం ఉండేవాళ్ళకి ఇచ్చేది. అస్తమానం ఇండియాలో ఉంటూ వచ్చిపోతుంటే ఆరు నెలలు దాటకపోయినా ఆఫీసరు అడగొచ్చు. ఆరు నెలలు దాటితే పౌరసత్వానికి లెక్కపెట్టే నివాసం తెగిపోయిందనే అనుకుని, కాదని మిమ్మల్నే రుజువు చేసుకోమంటారు. ఏడాది దాటి బయట ఉంటే కార్డు మీదే తిరిగి రావడం కుదరదు. అమ్మకి ఒంట్లో బాగోలేదనో, ఇల్లు అమ్మాలనో ఎక్కువకాలం ఇండియాలో ఉండాల్సి వస్తే బయల్దేరకముందే, అమెరికాలో ఉండగానే, రీఎంట్రీ పర్మిట్‌కి ఐ-131 వేసుకోండి. రెండేళ్ళ దాకా ఇస్తారు.

ఆ అయిదేళ్ళ గండం

గ్రీన్ కార్డు వచ్చిందని ఊళ్ళో భోజనాలు పెట్టినవాళ్ళున్నారు. హెల్త్ ఇన్సూరెన్సు సంగతి తెలిస్తే ఆ ఖర్చు దాచుకునేవాళ్ళు.

మెడికేర్ అన్నది 65 దాటినవాళ్ళకి ప్రభుత్వ ఇన్సూరెన్సు. గ్రీన్ కార్డుతో వచ్చినవాళ్ళు అక్కడ వరసగా అయిదేళ్ళు నివాసం ఉంటేనే దానిలో చేరగలరు. అదీ ఉచితం కాదు. అక్కడ పదేళ్ళు ఉద్యోగం చేసి పన్ను కట్టినవాళ్ళకి హాస్పిటల్ భాగం ఊరికే వస్తుంది, మనం కొనుక్కోవాలి. 2025లో హాస్పిటల్ భాగానికి నెలకి 518 డాలర్లు, డాక్టర్ల భాగానికి 185, అంటే మనిషికి 703, దంపతులకి 1,406 డాలర్లు, మందుల ప్లాను వేరే. ఏటా పెరుగుతుంది. డాక్టర్ల భాగం ఒక్కటే తీసుకునే వీలు కూడా ఉంది కానీ ఈ వయసులో హాస్పిటల్ భాగం లేకుండా ఉండటం నాకైతే ధైర్యం చాలదు. అయిదేళ్ళు నిండిన చుట్టుపక్కల చేరకుండా ఊరుకుంటే డాక్టర్ల భాగం మీద ఆలస్యమైన ప్రతి ఏడాదికీ పది శాతం జరిమానా, అది ఆ తర్వాత ప్రీమియంలో ఉండిపోతుంది.

మరి ఆ అయిదేళ్ళూ? చాలా కంపెనీల్లో ఉద్యోగి ఇన్సూరెన్సులో తల్లిదండ్రుల్ని చేర్చనివ్వరు. మిగిలేది మార్కెట్‌ప్లేస్‌లో దొరికే ప్లాన్లు, ఒబామాకేర్ అంటారే అవి. పాత జబ్బులున్నా కాదనరు, అదే దాని గొప్పతనం. అమెరికాలో కొత్తగా దిగినప్పుడు చేరడానికి 60 రోజులు గడువుంటుంది, అది దాటితే మళ్ళీ ఏడాది చివర తలుపులు తెరిచేదాకా ఆగాలి. అరవై దాటినవాళ్ళకి ప్రీమియం గట్టిగానే ఉంటుంది. సబ్సిడీ వస్తుందని ఎవరైనా చెబితే ఆ ధీమాతో బడ్జెట్ వేసుకోవద్దు, 2026 నుంచి ఆ రూల్సు బాగా బిగిశాయి, పైగా అబ్బాయి మిమ్మల్ని తన ట్యాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్లుగా చూపిస్తే అతని ఆదాయమే లెక్కలోకి వస్తుంది. ఆదాయం తక్కువున్నవాళ్ళకిచ్చే ప్రభుత్వ ఇన్సూరెన్సు మెడికెయిడ్‌కి కూడా సాధారణంగా అయిదేళ్ళ అడ్డం ఉంది. గ్రీన్ కార్డుకి అప్లై చేసేముందే పిల్లలతో కూర్చుని, మీ ఇద్దరి వయసుకి, వాళ్ళుండే జిల్లాకి ప్రీమియం ఎంతో ఆన్‌లైన్‌లో చూసి, అరవై నెలలతో గుణించి, ఆ అంకె ఎవరు కడతారో తేల్చుకోండి. చాలా ఇళ్ళలో గొడవలకి మూలం ఈ అంకె ముందు మాట్లాడుకోకపోవడమే.

ఇండియాలో ఉన్న హెల్త్ పాలసీ మాత్రం ఆపొద్దు. మెడికేర్ అమెరికా బయట దాదాపు ఏమీ ఇవ్వదు, మామూలు మెడికేర్‌లో పళ్ళకీ కళ్ళద్దాలకీ వినికిడి మిషన్లకీ ఏమీ రాదు. అందుకే పళ్ళ పనులు, శుక్లాల ఆపరేషన్ ఏమైనా ఉంటే బయల్దేరేముందే ఇక్కడే చేయించుకుని వెళ్ళండి, ఆ తర్వాత కూడా ఇండియా వచ్చినప్పుడల్లా ఓ పది రోజులు దానికి కేటాయించుకోవచ్చు.

మందుల సంచి

ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. మీ మందుల పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. డోలో అంటే ఫార్మసీలో తెల్లమొహం వేస్తారు, అది అక్కడ ఎసిటమినోఫెన్, టైలెనాల్ అని అమ్ముతారు. ఎకోస్ప్రిన్ అంటే మామూలు ఆస్పిరిన్, మనకి 75 మిల్లీగ్రాములు, అక్కడ 81. థైరోనార్మ్ అంటే లెవోథైరాక్సిన్, టెల్మా అంటే టెల్మిసార్టాన్, గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్. బ్రాండు పక్కన మందు అసలు పేరు, డోసు, ఏ పూట, ఎందుకు అని ఒక కాగితం మీద మీ డాక్టరు చేత రాయించుకుని ఫోన్‌లో ఫోటో కూడా పెట్టుకోండి.

పేరు మారినా దొరికేవి సరే, అసలు దొరకనివే సమస్య. మనకి షుగరుకి ధారాళంగా రాసే విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్, వోగ్లిబోస్ అమెరికాలో అమ్మకానికి అనుమతి లేనివి. పొద్దున్నే పరగడుపున వేసుకునే ప్యాన్-డీలో ఉండే డోంపెరిడోన్ కూడా అంతే. నొప్పులకి వాడే ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ కూడా దొరకవు. శాశ్వతంగా వెళ్ళేవాళ్ళు కనీసం మూడు నెలల ముందు మీ డాక్టరుని అడిగి రెండుచోట్లా దొరికే మందులకి మారండి, ఉదాహరణకి సిటాగ్లిప్టిన్ అక్కడా ఉంది. మార్చాక షుగరు ఎలా ఉందో ఇక్కడ ఉండగానే చూసుకుని వెళ్ళడం మంచిది. కొత్త దేశం, కొత్త చలి, కొత్త మందు, మూడూ ఒకేసారి ఎందుకు? మొదటి 90 రోజులకి సరిపడా మందులు స్ట్రిప్పులతోనే, ప్రిస్క్రిప్షన్‌తో, చేతి సంచిలో పెట్టుకోండి. డబ్బాల్లోకి విడగొట్టి పోసుకోవద్దు.

డబ్బు, పన్నులు

గ్రీన్ కార్డు వచ్చిన రోజునుంచి, లేదా ఆ కార్డుతో దిగిన రోజునుంచి, ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికాలో చూపించాలి. పెన్షన్, గుంటూరు ఇంటి అద్దె, ఎఫ్‌డీ వడ్డీ, ఇక్కడ పన్ను లేదని మురిసిపోయే పీపీఎఫ్ వడ్డీ కూడా. ఇండియాలో కట్టిన పన్నుకి అక్కడ క్రెడిట్ ఇస్తారు కాబట్టి రెండుసార్లు కట్టినట్టు కాదు, కానీ మనకి ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్ళకి జనవరి నుంచి డిసెంబరు, అందుకే బ్యాంకు స్టేట్‌మెంట్లు రెండు రకాలుగా తీసి పెట్టుకోవాలి.

ఇండియాలో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే రిపోర్టు వేయాలి. పన్ను ఏమీ ఉండదు, వేయకపోతేనే జరిమానాలు. మనవాళ్ళ అలవాటు ప్రకారం ఎఫ్‌డీలో అబ్బాయి పేరు జాయింట్‌గా పెట్టి ఉంటే అతని ఎఫ్‌బార్‌లో కూడా అది పడాలి, ఈ సంగతి చాలామంది అబ్బాయిలకే తెలియదు. మ్యూచువల్ ఫండ్లు ఇంకా పెద్ద తద్దినం. ఇండియా ఫండ్లను అమెరికా పన్నుల వాళ్ళు వేరే తరగతిలో వేసి, ఒక్కో ఫండుకి ఒక్కో ఫారం అడిగి, పన్ను కూడా గట్టిగా వేస్తారు. వెళ్ళకముందే రెండు దేశాల పన్నులూ తెలిసిన సీఏ దగ్గర కూర్చుని ఏవి అమ్మాలో ఏవి ఉంచాలో చూసుకోండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇండియా వైపు: మకాం మార్చాక మామూలు సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా, అంటే ఎన్ఆర్ఐలు ఇండియాలో వచ్చే ఆదాయం వేసుకునే ఖాతాగా, మార్పించాలి. విజిటర్‌గా వెళ్ళొస్తే అక్కర్లేదు. ఎన్ఆర్ఓ వడ్డీ మీద 30 శాతం, పైన సెస్సు కోస్తారు, అమెరికా నుంచి ట్యాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ తెచ్చిస్తే రెండు దేశాల ఒప్పందం ప్రకారం 15కి దిగుతుంది. ఎన్ఆర్ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా బయటికి పంపుకోవచ్చు, కాగితాలు సరిగ్గా ఉంటే. పీపీఎఫ్ గడువుదాకా ఉంచుకోవచ్చు, పొడిగించరు. ఎన్ఆర్ఐలు కొత్తగా సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీము తెరవడానికి లేదు.

ఇల్లు అమ్మి డబ్బు అబ్బాయికి ఇచ్చేద్దాం, వాడు అక్కడ పెద్దిల్లు కొంటాడు అన్న ఆలోచన చాలామందికి ఉంటుంది. మీరు ఇండియా రెసిడెంటుగా ఉండగా అతనికి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి ఇస్తే అతను 3520 అనే ఫారంలో చూపించాలి. పన్ను లేదు, చూపించకపోతే మాత్రం ఆ మొత్తంలో 25 శాతం దాకా జరిమానా పడొచ్చు. పైగా మీరు ఎన్ఆర్ఐ అయ్యాక అమ్మితే కొనేవాళ్ళు పన్ను కింద మామూలుగా కోసే ఒక శాతం కాదు, 12.5 శాతం, దానిమీద సెస్సులూ గట్రా కోసి కట్టాలి, అది కూడా తక్కువ కోతకి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే మొత్తం ధర మీద. కొనేవాళ్ళు ఆ తలనొప్పి చూసి వెనక్కి తగ్గుతారు. కానీ పన్ను సంగతి పక్కనపెట్టినా నా మాట ఒకటే: మొదటి రెండేళ్ళు ఇల్లు అమ్మొద్దు. అద్దెకివ్వండి, లేదా ఒక గది తాళం మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ పొసగకపోతే తిరిగి రావడానికి చోటుండాలి, చెల్లెలింట్లో కాదు.

పొలం ఉన్నవాళ్ళు కంగారుపడక్కర్లేదు, ఇక్కడ ఉండగా వచ్చిన పొలం ఎన్ఆర్ఐ అయ్యాక కూడా మీదే, కొత్తగా మాత్రం కొనలేరు, అమ్మితే ఇండియాలో ఉండే భారతీయుడికే అమ్మాలి. తెలంగాణలో భూభారతి, ఆంధ్రాలో మీభూమి ఫోన్‌లోనే చూసుకోవచ్చు కాబట్టి మూడు నెలలకోసారి పేరు అలాగే ఉందా అని చూడండి, ఈసీ కూడా తీయించండి. తమ్ముడికైనా సరే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసివ్వకండి, ఫలానా పనికి అని రాసిన స్పెషల్ పవర్ చాలు. అమెరికాలో రాసిన పవర్ ఇండియా చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

ఇండియా నంబరు బతికుంచుకోండి. బ్యాంకు ఓటీపీ, ఆధార్ ఓటీపీ, పెన్షన్, అన్నిటికీ అదే తాళంచెవి. వరసగా 90 రోజులు వాడకం లేకపోతే నంబరు పోయే ప్రమాదం ఉంది, అందుకే ఒక చిన్న రీచార్జి ఎవరో ఒకరు చేస్తూ ఉండాలి. పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్ జీవన్ ప్రమాణ్ యాప్‌లో మొహం చూపించి అక్కడినుంచే ఇవ్వొచ్చు, కుదరకపోతే ఇండియన్ కాన్సులేట్ ఉంది. గడువుకి ముందు నెలలోనే ప్రయత్నించండి, చివరిరోజు సర్వర్ మొరాయిస్తుంది.

రోజులు గడవడం

మొదటిసారి పరీక్షగా వెళ్ళి చూడాలనుకుంటే జూన్‌లో కాదు, జనవరిలో వెళ్ళండి. జూన్‌లో న్యూజెర్సీ ఎవరికైనా నచ్చుతుంది, రాత్రి ఎనిమిదింటికి కూడా వెలుతురు, పెరట్లో గోంగూర. జనవరిలో సాయంత్రం అయిదుకల్లా చీకటి, గుమ్మం ముందు కనపడని మంచుపొర, జారిపడితే తుంటి ఎముక. డాలస్ వైపు అయితే దీనికి తిరగేసి, ఆగస్టులో వెళ్ళి చూడాలి, మధ్యాహ్నం కాలు బయటపెట్టలేరు. కష్టమైన నెల మీకు నచ్చితే మిగతావి నచ్చుతాయి.

పిల్లల ఇల్లు ఎంత పెద్దదన్నది కాదు చూడాల్సింది. గుమ్మం దిగితే నడవడానికి ఫుట్‌పాత్ ఉందా, సాయంత్రం నడిచే మన వయసువాళ్ళు నలుగురున్నారా, లైబ్రరీగానీ ఇండియన్ స్టోరుగానీ కారు లేకుండా చేరగలమా? ఎడిసన్‌లోనో ఫ్రిస్కోలోనో మనవాళ్ళు ఎక్కువున్న కాలనీ అయితే మొదటి వారంలోనే ఎవరో ఒకరు "మీదే ఊరండీ?" అని పలకరిస్తారు. అలా కాకుండా చుట్టూ మైలు దాకా ఇళ్ళు తప్ప ఇంకేమీ లేని చోటైతే, పొద్దున ఎనిమిదింటికి పిల్లలు వెళ్ళాక సాయంత్రం ఆరింటిదాకా మీరూ టీవీ. చేతనైతే డ్రైవింగ్ నేర్చుకోండి. చేయకపోయినా రాష్ట్రం ఇచ్చే ఐడీ కార్డు తీసుకోండి, గ్రీన్ కార్డు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలన్నది చట్టమే. చాలాచోట్ల సీనియర్ సెంటర్లుంటాయి, కొన్ని ఊళ్ళలో ముందురోజు ఫోన్ చేస్తే ఇంటికొచ్చే బస్సు కూడా ఉంటుంది, ఊరి వెబ్‌సైటులో వెతికించండి.

మీ పేరు మీద అక్కడ ఒక బ్యాంకు ఖాతా, ఒక డెబిట్ కార్డు, దాన్లో మీ డబ్బే కొంత ఉండాలి. మనవరాలికి పుట్టినరోజు బొమ్మ కొనడానికి కొడుకుని అడగాల్సి రావడం చిన్న విషయంగా కనిపిస్తుంది, రెండో ఏడాదికి కాదు. అలాగే మనవల్ని చూసుకోవడం సంతోషమే, కానీ వారంలో ఒకరోజు మాది అని మొదట్లోనే చెప్పేయండి. తర్వాత చెబితే అలిగారనుకుంటారు.

వంటింట్లో తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది, ముందు ఫ్యాన్ వేసి తర్వాత ఆవాలు వేయాలి. సామాను సర్దేటప్పుడు తాజా కరివేపాకు, మామిడిపళ్ళు, విత్తనాలు, మాంసం తీసుకెళ్ళకండి. ఆవకాయ లాంటివి పెద్ద పెట్టెలో రెండు కవర్లు చుట్టి పెట్టి, ఫారంలో తిండి సామాను ఉందని నిజం రాయండి, రాసి తీసేయించుకున్నా పోయేదేమీ లేదు, రాయకపోతేనే ఫైను.

ఒంట్లో ఏమైనా అయితే 911. చిన్నాచితకా జ్వరానికి ఎమర్జెన్సీకి పరుగెత్తకండి, అర్జెంట్ కేర్ అని వేరే ఉంటాయి, బిల్లు చాలా తక్కువ. హాస్పిటల్లో మీకు ఇంగ్లీషు వచ్చినా సరే తెలుగు ఇంటర్‌ప్రెటర్ని అడగండి, ఫోన్‌లో కలుపుతారు, ప్రభుత్వ డబ్బు తీసుకునే హాస్పిటళ్ళు అది ఉచితంగా ఇవ్వాలి. గుండెల్లో "పట్టేసినట్టుంది" అన్నది ఇంగ్లీషులో చెప్పేసరికి సగం అర్థం పోతుంది. మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం అక్కడ రాసి పెట్టండి, మీరు మాట్లాడలేని స్థితిలో నిర్ణయం ఎవరిదో దాన్లో ఉంటుంది. ఇండియా ఆస్తికి విల్లు ఇక్కడే, వెళ్ళకముందే.

ఇండియా నుంచి పోలీసులమని, సీబీఐ అని, డిజిటల్ అరెస్టు అని ఫోన్లొస్తాయి, అమెరికాలో పన్నుల ఆఫీసు అని వస్తాయి. రెండిటికీ ఒకటే మందు, ఫోన్ పెట్టేసి అబ్బాయికి చెప్పడం.

అన్నీ చేసినా కొందరికి పొసగదు, అదేం నేరం కాదు. ఇక ఇండియాలోనే ఉండాలని తేల్చుకుంటే కార్డు అలా వదిలేసి ఊరుకోకుండా ఐ-407 వేసి తిరిగి ఇచ్చేయండి, లేకపోతే పన్నుల లెక్క నడుస్తూనే ఉంటుంది. తర్వాత మళ్ళీ విజిటర్ వీసాకి అప్లై చేసుకుని పిల్లల్ని చూసి రావొచ్చు. ఒక్క జాగ్రత్త: పదిహేనేళ్ళలో ఎనిమిది క్యాలెండరు సంవత్సరాల్లో కార్డు చేతిలో ఉంటే, సంవత్సరంలో ఒక్కరోజు ఉన్నా ఆ సంవత్సరం లెక్కే, తిరిగి ఇచ్చేటప్పుడు ఆస్తుల మీద వేరే పన్ను ప్రశ్న వస్తుంది. హైదరాబాదులో రెండు ఫ్లాట్లు, నాలుగెకరాలు ఉన్నవాళ్ళకి అది చిన్న ప్రశ్న కాదు, కాబట్టి ఏడో ఏడు నడుస్తుండగానే సీఏని కలిసి లెక్క వేయించుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.